యంత్రం బిగిస్తే పని తీరలేదు

(విశాఖపట్నంలో మెరైన్ ఇంజనీరింగ్ విద్యార్థులు, ఓడల నిర్వహణ సిబ్బంది ముందు ఒక విశ్రాంత చీఫ్ ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

ముందు వరుసలో ఒక గాజు సీసా తిప్పమని ఇచ్చాను. చేతికి అందినవారు దయచేసి పరీక్షగా చూసి పక్కవారికి ఇవ్వండి. అందులో ఉన్నవి చిన్న గుల్లలు. నిన్న సాయంత్రం లోపలి రేవు దగ్గర ఒక పాత తాడుకు గుత్తులుగా పట్టుకుని ఉంటే గీకి తెచ్చాను. మన జాలర్లను అడిగితే ఇది ఇక్కడిదే అంటారు, ఎందుకంటే పుట్టినప్పటి నుంచి చూస్తున్నారు. కానీ ఇది మన సముద్రపు ప్రాణి కాదు. శాస్త్రవేత్తలు దీన్ని మైటిలోప్సిస్ సాల్లీ అంటారు. దీని పుట్టిల్లు అట్లాంటిక్‌కు ఆవలి ఒడ్డున, కరీబియన్ తీరంలో ఉంది. విశాఖ రేవులో దీన్ని మొదటిసారి గమనించింది 1967లో. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర ఆచార్యులు పి.ఎన్. గణపతి, ఆయన సహచరులు 1971లో దీని గురించి కరెంట్ సైన్స్ పత్రికలో రాశారు. తరువాత ముంబయి రేవులోనూ కనిపించింది. కరీబియన్ నుంచి ఇక్కడికి ఎలా వచ్చింది? ఓడ అడుగుభాగానికి అంటుకుని రావాలి, లేదా ఓడ కడుపులోని నీటిలో కంటికి కనబడని పిల్లగా రావాలి. మూడో దారి లేదు.

ఇదే గుల్ల 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో బయటపడింది. అక్కడివారు ఒక్కరోజు కూడా వృథా చేయలేదు. పడవలు నిలిపే మూడు మెరీనాల తలుపులు మూసేసి, ఆ నీటిలో క్లోరిన్, మైలుతుత్తం పోశారు. గుల్లలతోపాటు ఆ నీటిలో ఉన్న ప్రాణులన్నీ చచ్చాయి. నాలుగు వారాల్లో గుల్ల పీడ వదిలింది. అక్కడ అది సాధ్యమైంది, ఎందుకంటే ఆ మెరీనాలకు నీటిని బంధించే తలుపులు ఉన్నాయి. మన రేవు సముద్రానికి తెరిచి ఉంది. 1967లో మన దగ్గర ఎవరు ఏ తలుపు మూయగలిగేవారు? ఒకసారి వచ్చిన ప్రాణిని వెనక్కి పంపడం మన వల్ల కాదు. రాకుండా చూడగలం, అంతే. ఓడ నిలకడ కోసం కడుపులో నింపుకునే బ్యాలస్ట్ నీటి మీద వచ్చిన నిబంధనలన్నిటికీ మూలం ఇదే. ఇవాళ నేను ఆ నీటిని శుద్ధి చేసే యంత్రాల గురించి, వాటితో ఓడ యజమానులు పడే కష్టాల గురించి చాలాసేపు మాట్లాడబోతున్నాను. ఆ కష్టాలు వింటూ ఈ సీసాను మరిచిపోకూడదని దాన్ని ముందుగా మీ చేతికి ఇచ్చాను.

బ్యాలస్ట్ అంటే ఏమిటో విద్యార్థులకు తెలుసు. తెలియనివారి కోసం రెండు మాటలు. ఖాళీ ఓడ తేలికగా పైకి తేలిపోతుంది. ప్రొపెల్లరు నీటిలో సరిగ్గా మునగదు, చుక్కాని పట్టు దొరకదు, గాలి వాటుకు ఓడ ఒరిగిపోతుంది. తెరచాపల కాలంలో ఖాళీ ఓడలు రాళ్లు, ఇసుక వేసుకుని కదిలేవి. ఉక్కు ఓడలు వచ్చాక ఆ పని నీరు చేస్తోంది. సరకు దింపిన రేవులోనే ఆ రేవు నీరు ట్యాంకుల్లోకి తోడుకుంటారు, సరకు ఎక్కించే రేవులో వదిలేస్తారు. ఇక్కడే ఒక విషయం గమనించండి. మన తీరం నుంచి ఎగుమతులు చాలా జరుగుతాయి. విశాఖలో ఇనుప ఖనిజం ఎక్కించుకోవడానికి వచ్చే ఓడ, కాకినాడలో బియ్యం ఎక్కించుకోవడానికి వచ్చే ఓడ ఖాళీగా రాదు, ఎక్కడిదో నీరు నింపుకుని వస్తుంది. లక్షన్నర టన్నుల ఖనిజం మోసే ఓడ నలభై, యాభై వేల టన్నుల నీరు తెస్తుంది. మనం ఖనిజం ఇచ్చి ఆ నీరు పుచ్చుకుంటాం. ఏటా ప్రపంచమంతటా ఇలా ఒక చోటు నుంచి మరో చోటికి చేరే నీరు వెయ్యి కోట్ల టన్నుల దాకా ఉంటుందని అంచనా.

ఆ నీటి వల్ల ఏం జరిగిందో చెప్పాలంటే ఒక పూట చాలదు. మూడు సంగతులు చెప్పి ముందుకు వెళతాను. నల్ల సముద్రంలోకి 1980ల మొదట్లో అమెరికా తీరపు దువ్వెన జెల్లీ అనే మెత్తటి ప్రాణి ఒకటి చేరింది. చేపల గుడ్లు, పిల్లలు, చేపలు తినే సూక్ష్మజీవులు, అన్నీ అదే తినేసింది. ఆ దశాబ్దం చివరికి అక్కడి ఆంకోవీ చేపల వేట కుప్పకూలింది. అప్పటికే అతివేట కూడా ఉంది, నిజమే, కానీ ఆ జెల్లీ కొట్టిన దెబ్బ కూడా పెద్దదే. ఉత్తర అమెరికా మహా సరస్సుల్లో 1988లో జీబ్రా గుల్ల కనిపించింది. మరుసటి ఏడాదే మిషిగన్ రాష్ట్రంలో మన్రో అనే ఊరికి నీళ్లు ఆగిపోయాయి, సరస్సు నుంచి నీరు తోడే గొట్టాన్ని గుల్లలు పూడ్చేశాయి. ఇక మూడోది. 1991లో దక్షిణ అమెరికాలో కలరా చెలరేగినప్పుడు, అక్కడి కలరా క్రిమే అమెరికాలోని మొబైల్ అనే ఊరి తీరపు ఆల్చిప్పల్లో దొరికింది. తరువాత మెక్సికో సింధుశాఖ రేవుల్లో ఆగిన అయిదు సరకు ఓడల నీటిలోనూ దొరికింది. కలరా ఊళ్లను ఊళ్లుగా తుడిచిపెట్టిన కథలు తాతమ్మల నోట విన్నవాళ్లం మనం. ఆ క్రిమి ఓడ ట్యాంకులో కూర్చుని సముద్రాలు దాటగలదని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2004 ఫిబ్రవరిలో బ్యాలస్ట్ నీటి ఒప్పందాన్ని ఆమోదించింది. అమలులోకి రావాలంటే కనీసం 30 దేశాలు చేరాలి, వాటి ఓడలు ప్రపంచ ఓడల మొత్తం పరిమాణంలో, అంటే టన్నేజీలో, 35 శాతం ఉండాలి. దేశాల సంఖ్య ముందే కుదిరింది, టన్నేజీ కుదరలేదు. చివరకు 2016 సెప్టెంబరులో ఫిన్లాండ్ చేరడంతో లెక్క సరిపోయింది. ఏడాది తరువాత, 2017 సెప్టెంబరు 8న ఒప్పందం అమలులోకి వచ్చింది. ఈలోగా పదమూడేళ్లకు పైగా గడిచిపోయాయి. చేరిన దేశాల రేవుల్లో చేరని దేశపు ఓడకు ప్రత్యేక మినహాయింపు ఏమీ ఉండదు. అందుకే ఓడ మీద ఏ జెండా ఎగురుతున్నా ఈ నిబంధన తప్పదు. ఒకే దేశపు జలాల్లో తిరిగే ఓడలకు మాత్రం ఇది వర్తించదు.

ఒప్పందంలో రెండు ప్రమాణాలు ఉన్నాయి. మొదటిది డి-1, అంటే నీటి మార్పిడి. తీరానికి కనీసం 200 నాటికల్ మైళ్ల దూరంలో, 200 మీటర్ల లోతున్న చోట, రేవు నీటిని వదిలి నడి సముద్రపు నీటిని నింపుకోవాలి. అది కుదరకపోతే 50 మైళ్లు. కనీసం 95 శాతం నీరు మారాలి. రేవుల్లో బతికే ప్రాణి నడి సముద్రంలో బతకదు, నడి సముద్రపు ప్రాణి రేవులో బతకదు అన్నది ఇందులోని ఆలోచన. ఆలోచన మంచిదే. కానీ విశాఖ నుంచి బంగ్లాదేశ్‌లోని చట్టోగ్రామ్ వెళ్లే ఓడకు ఆ దారిలో 200 మైళ్ల దూరం ఎక్కడా దొరకదు. పైగా నడి సముద్రంలో ట్యాంకులు ఖాళీ చేసి మళ్లీ నింపడం ఒడ్డున కూర్చుని చెప్పినంత సులువు కాదు. 2006 జులైలో జపాన్ నుంచి ఉత్తర అమెరికాకు దాదాపు 4,700 మాజ్దా కార్లతో వెళుతున్న కూగర్ ఏస్ అనే ఓడ అలూషియన్ దీవుల దక్షిణాన సరిగ్గా ఈ పని చేస్తూ అరవై డిగ్రీలు పక్కకు ఒరిగిపోయింది. అందులోని 23 మందినీ హెలికాప్టర్లతో కాపాడారు. ఆ తరువాత ఓడను రక్షించడానికి వెళ్లిన బృందంలో ఒకరు ప్రాణం కోల్పోయారు. ఒరిగిన ఆ ఓడ ఫోటో ఇప్పటికీ నా కళ్ల ముందు కదులుతుంది. సముద్ర జీవుల కోసం పెట్టిన నియమం ఓడ మనుషుల ప్రాణం మీదకు రాగలదని ఆ ఫోటో చెప్పింది.

రెండోది డి-2. ఇందులో నీరు మార్చే పని లేదు, నీటిలో ఏముందన్నదే లెక్క. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 50 మైక్రాన్లు, ఆ పైన ఉండే ప్రాణులు ఘనపు మీటరు నీటిలో పదికి తక్కువ ఉండాలి. 10 నుంచి 50 మైక్రాన్ల మధ్యవి మిల్లీలీటరుకు పదికి తక్కువ. కలరా క్రిమికి, మలంతో నీటిలో చేరే ఈ-కోలి, ఎంటరోకోకై అనే క్రిములకు విడివిడి హద్దులు ఉన్నాయి. ఘనపు మీటరు అంటే వెయ్యి లీటర్లు. మన ఇంటి మీద నల్లటి ప్లాస్టిక్ ట్యాంకును తలచుకోండి. అంత నీటిలో, తల వెంట్రుక మందమంత చిన్న ప్రాణులను కూడా లెక్కేసి పదికి లోపు ఉంచాలి. అందుకు ఓడలో నీటిని శుద్ధి చేసే యంత్రం బిగించాలి. ఆ యంత్రాలకు ఆమోదం ఇచ్చేముందు ఒడ్డున చేసే పరీక్షలో వాడే నీటిలో ఇలాంటి ప్రాణులు ఘనపు మీటరుకు లక్షకు తగ్గకుండా ఉండాలని నియమం. లక్షను పదికి లోపు తేవాలి, అదీ గంటకు వెయ్యి, రెండు వేల టన్నుల వేగంతో పారుతున్న నీటిలో. ఇది సాధించిన ఇంజనీర్లకు నేను మనస్ఫూర్తిగా నమస్కరిస్తాను.

గడువుల కథ కాస్త చెప్పక తప్పదు, ఎందుకంటే యజమానుల తప్పు కూడా ఇందులో ఉంది. పాత ఓడలు తమ చమురు కాలుష్య నివారణ సర్టిఫికెట్‌ను పునరుద్ధరించుకునే తనిఖీ నాటికి యంత్రం బిగించుకోవాలన్నారు. వెంటనే చాలామంది ఏం చేశారంటే, ఒప్పందం అమలులోకి రాకముందే ఆ తనిఖీని ముందుకు జరిపి చేయించుకుని, మరో అయిదేళ్లు సంపాదించారు. 2017 జులైలో అంతర్జాతీయ సంస్థ కూడా ఇంకో రెండేళ్ల వెసులుబాటు ఇచ్చింది. చివరి గడువు 2024 సెప్టెంబరు 8 అయింది. దానితో బిగింపులన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. ఓడను నీటి బయట నిలిపి పని చేసే డ్రై డాక్‌లు దొరకలేదు, మధ్యలో కోవిడ్ వచ్చి తయారీదారు పంపాల్సిన మనుషులు ఓడ ఎక్కలేకపోయారు. వాయిదా వేసినప్పుడు మిగిలిందనుకున్న డబ్బు ఈ తొక్కిసలాటలో పోయింది. నేను అప్పట్లో ఒక చిన్న యజమాని దగ్గర సాంకేతిక పర్యవేక్షణ చూసేవాణ్ని. ముందే బిగిద్దామని నేను గట్టిగా చెప్పి ఉండవలసింది. చెప్పలేదు.

ఇక ఖర్చు. ఓడ పరిమాణాన్ని బట్టి అయిదు లక్షల డాలర్ల నుంచి కొన్ని మిలియన్ డాలర్ల దాకా అవుతుంది. వంద ఓడలున్న సంస్థ ఒకేసారి యాభై యంత్రాలకు బేరం ఆడుతుంది. మూడు ఓడలున్న మనిషికి ఆ బేరం ఎక్కడిది? పైగా అతని ఓడ వయసు పద్దెనిమిదేళ్లు. ఇంకో అయిదారేళ్లలో గుజరాత్‌లోని అలంగ్ తీరంలో ముక్కలయ్యే ఓడకు అంత పెట్టుబడి పెట్టాలా, ఇప్పుడే అమ్మేయాలా అన్నది అతని ప్రశ్న. ఇది బాధాకరమైన ప్రశ్నే. అయినా నా ఉద్దేశంలో ఖర్చు అసలు కష్టం కాదు. డబ్బు ఒకసారి పోతుంది, బ్యాంకు వాయిదాలు కడతాం, అయిపోతుంది. అసలు కష్టం యంత్రం బిగించిన మరునాడు మొదలవుతుంది. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదే.

యంత్రాలు ముఖ్యంగా రెండు రకాలు. రెండింటిలోనూ సాధారణంగా ముందు ఒక ఫిల్టరు ఉంటుంది, నలభై, యాభై మైక్రాన్ల జల్లెడ అనుకోండి. దాని తరువాత ఒక రకంలో అతినీలలోహిత కాంతి దీపాలు ఉంటాయి. రెండో రకంలో సముద్రపు నీటి గుండా కరెంటు పంపి, ఆ ఉప్పు నుంచే క్లోరిన్ పుట్టిస్తారు. ఓజోన్, రసాయనాలు వాడేవీ ఉన్నాయి కానీ మన ఓడల్లో మీరు ఎక్కువగా చూసేవి ఈ రెండే. దీపాల యంత్రానికి నీరు తేటగా ఉండాలి, మడ్డి ఉంటే కాంతి లోపలికి పోదు. క్లోరిన్ యంత్రానికి నీరు ఉప్పగా ఉండాలి, మరీ చల్లగా ఉండకూడదు. ఇప్పుడు ప్రపంచ పటం తీసి పెద్ద రేవులు ఎక్కడున్నాయో చూడండి. షాంఘై యాంగ్‌జీ నది ముఖద్వారంలో ఉంది. న్యూ ఆర్లియన్స్ మిసిసిపీ మీద ఉంది. మన కోల్‌కతా, హల్దియా హుగ్లీ మీద ఉన్నాయి. మనుషులు రేవులను నదుల దగ్గర కట్టుకున్నారు. ఆ నీరు తేటగా ఉండదు, ఉప్పగానూ ఉండదు.

హల్దియాలో నాకు ఎదురైన ఒక రోజు చెబుతాను. కోకింగ్ బొగ్గు దింపుతున్నాం. దింపేకొద్దీ బ్యాలస్ట్ నింపుకోవాలి. యంత్రం మొదలుపెట్టి పావుగంట కాలేదు, ఫిల్టరుకు రెండు వైపులా ఒత్తిడి తేడా పెరిగింది. ఇలా పెరిగినప్పుడు ఫిల్టరు తనను తాను వెనక్కి కడుక్కుంటుంది. కడుక్కుంది. వెంటనే మళ్లీ పూడింది. మళ్లీ కడుక్కుంది. చివరకు తోడే నీరంతా ఫిల్టరు కడుక్కోవడానికే సరిపోతోంది, ట్యాంకులోకి చేరుతున్నది నాలుగో వంతు కూడా లేదు. అక్కడ డాక్‌కు నీటిమట్టం నిలిపే లాక్ గేటు ఉంది, ఓడ బయటపడాలంటే పోటు సమయానికి సిద్ధంగా ఉండాలి. పోటు మన కోసం ఆగదు. సగం ఖాళీగా బయటకు వెళ్లడం ప్రమాదం. పై నుంచి కెప్టెన్ ఫోను, ఒడ్డు నుంచి ఏజెంటు ఫోను. నా కింద ఉన్న మూడో ఇంజనీరు కుర్రవాడు ఫిల్టరు మూత విప్పి చూపించాడు. లోపల నీరు కాదు, వరిమడిలో దమ్ము చేసినప్పుడు వచ్చే బురద. ఆ యంత్రానికి ఆమోద పరీక్ష జరిగినప్పుడు మంచినీటిలో, ఉప్పునీరూ మంచినీరూ కలిసిన నీటిలో లీటరుకు కనీసం 50 మిల్లీగ్రాముల మడ్డి ఉండాలని నియమం. హుగ్లీ నీటిలో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. యంత్రం పరీక్ష పాసయింది, అబద్ధం ఏమీ లేదు. పరీక్ష పెట్టిన నీరు వేరు, మేము తేలుతున్న నీరు వేరు.

ఆ రోజు మేము యంత్రాన్ని తప్పించి నేరుగా నీరు నింపుకున్నాం. అంటే శుద్ధి కాని నీరు, శుద్ధి అయిన నీటి కోసం ఉంచిన ట్యాంకుల్లోకి వచ్చింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు కదా, ఓడ మనిషికి తొక్కక తప్పని అడుసు ఇది. ఎలా కడగాలో చాలాకాలం ఎవరూ స్పష్టంగా చెప్పలేదు. ఒక్కో రేవు తనిఖీ అధికారి ఒక్కో మాట అనేవారు. 2024 మార్చిలో అంతర్జాతీయ సంస్థ దీని మీద తాత్కాలిక మార్గదర్శకాలు ఇచ్చింది. నీటి నాణ్యత వల్ల యంత్రం నడవలేని పరిస్థితి వస్తే, చివరి ఉపాయంగా మాత్రమే దాన్ని తప్పించవచ్చు, తరువాత దూర సముద్రంలో ఆ నీటిని మార్చి, కొత్త నీటిని యంత్రం గుండా నింపి, ట్యాంకులను మళ్లీ శుభ్రమైన స్థితికి తేవాలి, ప్రతి అడుగూ రికార్డు పుస్తకంలో రాయాలి. 2004లో ఒప్పందం రాసినవారికి 2024 దాకా నది నీటి సంగతి పూర్తిగా పట్టలేదంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆ బల్ల చుట్టూ ఫిల్టరు మూత విప్పిన చేతులు తక్కువ ఉండి ఉంటాయి.

మంచినీటి రేవులో క్లోరిన్ యంత్రం వాడే ఓడ ఇంకో పని చేయాలి. ముందే సముద్రంలో ఉప్పునీరు తోడి వెనుక ట్యాంకులో దాచుకుని, దాని నుంచి క్లోరిన్ పుట్టించి నది నీటిలో కలపాలి. ఆ ఉప్పునీరు ఎంత కావాలో లెక్క తప్పితే నడిమధ్య అయిపోతుంది. ఈ పద్ధతిలో హైడ్రోజన్ వాయువు కూడా పుడుతుంది, దాన్ని గాలితో పలుచన చేసి బయటకు పంపే ఫ్యాన్లు ఎప్పుడూ పనిచేస్తూ ఉండాలి. నీరు వదిలేటప్పుడు మిగిలిన క్లోరిన్ లీటరుకు 0.1 మిల్లీగ్రాము మించకూడదు, అందుకు విరుగుడు రసాయనం కలపాలి. ఆ 0.1ని కొలిచే సెన్సరు చిన్న పరికరం. దానిలో పోసే రీజెంట్‌కు, అంటే పరీక్ష రసాయనానికి, గడువు తేదీ ఉంటుంది. మండే ఇంజన్ గదిలో నిలవ ఉంచితే గడువుకు ముందే పాడవుతుంది. మిలియన్ డాలర్ల యంత్రం అరచేతిలో పట్టే సీసా పాడై ఆగిపోవడం నేను ఒకటి కాదు, నాలుగు ఓడల్లో చూశాను. పిల్లలూ, మీరు ఓడ ఎక్కిన మొదటి రోజు ఆ సీసా మీద తేదీ చూడండి.

పాత ఓడలను గీసినవారి మనసులో ఈ యంత్రాలు లేవు, అది మరో చిక్కు. సరకు ఓడల్లో పైభాగాన, డెక్కుకు దిగువన, ట్యాంకులు ఉంటాయి. వాటి నీటిని పంపు లేకుండా, వాల్వు తెరిచి, బరువు మీద సముద్రంలోకి వదిలేసేవాళ్లం. ఎప్పటి నుంచో ఉన్న అలవాటు, కరెంటు ఖర్చు లేదు. దీపాల యంత్రం ఉన్న ఓడలో నింపేటప్పుడు ఒకసారి, వదిలేటప్పుడు మరోసారి శుద్ధి జరగాలి. బరువు మీద వదిలిన నీరు రెండోసారి దీపాల ముందుకు వెళ్లదు. అందుకని గొట్టాలు మార్చాలి, ఆ నీటిని కిందికి తెచ్చి పంపుతో తోడాలి. ట్యాంకు అడుగున మిగిలిన చివరి నీటిని లాగే ఎడక్టర్ సంగతీ అంతే. దాన్ని నడపడానికి వాడే నీరు రేవు నీరే అయితే, శుద్ధి చేసిన నీటిలో రేవు నీరు కలిసినట్టే. నక్షా మీద ఒక చిన్న గీత ఇది. తనిఖీ నమూనా తప్పిన చోట వెతికితే చాలాసార్లు ఈ గీతే కారణమై ఉంటుంది.

సరకు ఎక్కించే వేగం గురించి యజమానులు ఎక్కువ మథనపడతారు. బొగ్గు, ఖనిజం ఎక్కించే పెద్ద రేవుల్లో బెల్టులు గంటకు వేల టన్నులు పోస్తాయి. అంతే వేగంగా ఓడ నీరు వదలాలి. యంత్రం నెమ్మదిస్తే బెల్టు ఆగాలి. బెల్టు ఆగితే ఓడ నిలిచే చోటు, అంటే బెర్తు, ఖాళీ కాదు, వెనుక ఓడలు లంగరు మీద ఎదురు చూస్తాయి. ఆ ఆలస్యం ఎవరి లెక్కలో పడాలి? ఓడను అద్దెకు తీసుకున్నవారు యంత్రం యజమానిది కాబట్టి తప్పు యజమానిదే అంటారు. ఆ రేవుకు పంపింది మీరే కదా అని యజమాని అంటాడు. అద్దె ఒప్పందంలో దీనికి ముందే ఒక వాక్యం రాసుకోకపోతే డెమరేజీ తగవు, అంటే ఆలస్యానికి కట్టే పరిహారం తగవు, ఏళ్ల తరబడి సాగుతుంది. యజమానుల ప్రతినిధులు ఈ సభలో ఉన్నారు కాబట్టి చెబుతున్నాను: మడ్డి నీటి రేవు, మంచినీటి రేవు వస్తే కాలం ఎలా లెక్క కట్టాలో సంతకానికి ముందే తేల్చుకోండి.

అమెరికా సంగతి వేరు. ఆ దేశం ఈ ఒప్పందంలో లేదు. 2012లో తమ తీర రక్షక దళం ద్వారా సొంత నిబంధనలు తెచ్చింది, యంత్రాలకు సొంత ఆమోదం కావాలంది. మొదటి ఆమోదం 2016 డిసెంబరులో గాని రాలేదు. తేడా ఒక్క మాటలో ఉంది. అంతర్జాతీయ ఒప్పందం వంశం నిలపగల ప్రాణిని లెక్కిస్తుంది, అమెరికా ప్రాణం ఉన్న ప్రతిదాన్నీ లెక్కిస్తుంది. అతినీలలోహిత కాంతి ప్రాణిని వెంటనే చంపకపోవచ్చు, కానీ దాని లోపలి జన్యు పదార్థాన్ని దెబ్బతీసి ఇక పిల్లలు పుట్టకుండా చేస్తుంది. మన రేవుకు ముప్పు దాని సంతతితోనే కదా, దానితో కాదు. కాబట్టి ఇందులో అంతర్జాతీయ లెక్కే న్యాయమని నా అభిప్రాయం. కానీ అమెరికా రేవులకు వెళ్లే ఓడ అదే యంత్రాన్ని కాంతి పెంచి, వేగం తగ్గించి నడపాలి, లేదా వేరే యంత్రం కొనాలి. ఒకే సముద్రానికి రెండు కొలతలు పెట్టినందుకు మూల్యం చెల్లిస్తున్నది ఓడలే.

మనుషుల దగ్గరికి వద్దాం. ఒక సరకు ఓడలో నేడు ఇరవై చిల్లర మంది ఉంటారు. సరకు ఎక్కించే రేవులో ఇంజన్ గది మనుషులకు ఇంధనం నింపుకోవడం, మరమ్మతులు, తనిఖీలు, విడిభాగాలు దించుకోవడం, అన్నీ ఆ రెండు రోజుల్లోనే. అప్పుడే ఈ యంత్రమూ నడవాలి. కొంతమంది తయారీదారులు వ్యాపారం మానుకున్నారు, వారి యంత్రాలు బిగించిన ఓడలు విడిభాగాల కోసం ఇప్పుడు తిరుగుతున్నాయి. శిక్షణ అంటే డ్రై డాక్‌లో రెండు గంటలు ఒకరికి చూపించి, ఆయన ఆరు నెలల్లో దిగిపోతే తరువాతివారికి ఒక పుస్తకం అప్పగించడం. రికార్డు పుస్తకం ఓడలో రెండేళ్లు, తరువాత యజమాని దగ్గర మూడేళ్లు ఉంచాలి. ఆ పుస్తకంలో అన్నీ సవ్యంగా నడిచినట్టు రాయమని ఒత్తిడి వస్తుంది. పిల్లలూ, దయచేసి రాయకండి. యంత్రం తనలో నమోదు చేసుకునే లెక్కలతో పోల్చి చూస్తే మొదట పట్టుబడేది మీ సంతకమే. 2025 సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఓడల తనిఖీ కోసం దేశాలు చేసుకున్న పారిస్, టోక్యో ఒప్పందాల రేవుల్లో తనిఖీ అధికారులు ప్రత్యేకంగా బ్యాలస్ట్ మీదే దృష్టి పెట్టారు. మొదట అడిగేది సర్టిఫికెట్, ప్రణాళిక, రికార్డు పుస్తకం. అవి చూశాక యంత్రం నడిపి చూపించమంటారు.

యజమానులకు నేను కోరేవి పెద్దవి కావు. ఫిల్టరు జల్లెడలు, సెన్సరు, రీజెంట్, దీపాలు ఒక్కో జత అదనంగా ఓడ మీదే ఉంచండి. నెలకోసారి, అవసరం లేకపోయినా, యంత్రాన్ని సముద్రంలో నడిపించండి. మీ ఓడ వెళ్లే రేవుల నీరు ఎలాంటిదో ఒక పట్టిక రాసి కెప్టెన్‌కు ఇవ్వండి, హల్దియా చేరాక ఫోను చేస్తే లాభం లేదు. నీటి నమూనా తీసి పంపించి పరీక్ష చేయించండి, అధికారి అడిగేదాకా ఆగకండి. బ్యాలస్ట్ పని నడిచే గంటల్లో ఇంజన్ గదికి ఇంకొక మనిషిని ఇవ్వండి. ఓడ ఆగిపోతే వచ్చే నష్టం ముందు ఇవన్నీ చిన్నవే.

రేవుల వారికి కూడా ఒక మాట. 2000 నుంచి 2004 దాకా ప్రపంచంలో ఆరు రేవులను ఈ సమస్య అధ్యయనానికి ఎంచుకుంటే అందులో ముంబయి ఒకటి. ఏ రేవులో ఏ ప్రాణులు ఉన్నాయో లెక్క తీయడం అప్పుడు నేర్చుకున్నాం. ఆ లెక్క ప్రతి రేవులోనూ, కొన్నేళ్లకోసారి మళ్లీ మళ్లీ జరగాలి. విశాఖలో 1967లో ఎవరో శ్రద్ధగా చూశారు కాబట్టి ఈ గుల్ల కనబడిన ఏడాది మనకు తెలుసు. గంగవరంలో, కృష్ణపట్నంలో, కాకినాడలో ఇవాళ వచ్చేదాన్ని చూసే కళ్లు కావాలి. ఈ హాలులో జంతుశాస్త్రం చదివే విద్యార్థులు కొందరు ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. వారు ఓడ ఎక్కనక్కర్లేదు. నెలకోసారి రేవులో ఒక పలక వేలాడదీసి, దాని మీద ఏం పెరిగిందో తీసి చూస్తే చాలు.

ఆ సీసా చివరి వరుసకు చేరినట్టుంది. అక్కడివారు మూత తీయకుండా నాకు తిరిగి పంపించండి. ఇప్పుడు మీ ప్రశ్నలు వింటాను.